మారుమూల నగరంలో కూల్చిన ఇళ్ల శిథిలాలు: క్రషర్ కొనాలా, వద్దా?

దూరపుకొండ:
అందరికీ నమస్కారం. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు. నేను పనిచేసేది ఓ మారుమూల నగరంలో, ఇంజనీరింగ్ సెక్షన్‌లో. పేరెందుకులెండి. పెద్ద మార్కెట్ ఉన్న ఊరు చేరాలంటే 400 కిలోమీటర్లు పోవాలి, సిమెంటు నుంచి స్విచ్‌బోర్డు దాకా అన్నీ అటునుంచి రావాల్సిందే. ఇప్పుడు పాత ఇళ్లు పడగొట్టి అపార్టుమెంట్లు లేపుతున్నారు, వారానికి నాలుగు ఇళ్లయినా కూలుతున్నాయి. ఆ రాళ్లూ రప్పలూ రాత్రికి రాత్రి ట్రాక్టరెక్కి ఏ చెరువు గట్టు మీదో తేలుతున్నాయి. పొద్దున ఆరింటికే నాకు ఫోన్లు మొదలు. పైవాళ్లు రీసైక్లింగ్ ప్లాంటు పెట్టేద్దాం అంటున్నారు, కొటేషన్లు తెప్పించే పని నా మెడకు చుట్టారు. గంటకు 50 టన్నులు కొట్టే క్రషర్ అట. కొనేస్తే ఈ తలనొప్పి తీరుతుందా? అనుభవం ఉన్నవాళ్లు కాస్త చెప్పండి.

కంకరకుప్ప:
పద్దెనిమిదేళ్లుగా క్రషర్ మీదే బతుకుతున్నవాణ్ణి, అయినా చెప్తున్నా, ముందే మిషన్ కొనకండి. నాలుగిళ్లు అన్నారు, ఒక్కోటి ఎంత ఉంటుంది?

దూరపుకొండ:
వంద చదరపు మీటర్లు, అటూ ఇటూగా. ఎక్కువ భాగం ఒక అంతస్తువే.

లెక్కలబల్ల:
అయితే ఈ లెక్క నాకొదిలేయండి. పక్కా ఇల్లు కూల్చితే చదరపు మీటరుకు 500 కిలోలు, సెమీ పక్కా అయితే 300 కిలోలు వస్తాయని మన దేశంలో టైఫాక్ అనే ప్రభుత్వ సాంకేతిక సంస్థ వాళ్ల అంచనా ఒకటి ఉంది, అందరూ అదే వాడతారు. కొత్తగా కట్టేటప్పుడు వృథా అయ్యేది 40 నుంచి 60 కిలోలు. ఆ లెక్కన ఒక్కో ఇంటికి 50 టన్నులు, నాలుగిళ్లకు 200. మీ మిషన్ గంటకు 50 టన్నులు నమిలితే వారం సరుకు నాలుగు గంటల్లో ఖాళీ. మిగతా వారమంతా ఆపరేటరు దాని నీడన కూర్చుని చాయ్ తాగాలి. ఢిల్లీ బురారీలో 2009లో పెట్టిన ప్లాంటు రోజుకు 500 టన్నులతో మొదలైంది. మీ వారం సరుకు దానికి ఒక్క పూటకు సరిపోతుంది.

ఊరికేఅడిగా:
నాకు ఈ పని గురించి ఏమీ తెలీదు, తెలుసుకుందామని అడుగుతున్నా. ఆ పెద్ద ఊళ్లో ప్లాంటు ఉంటే సరుకంతా లారీల్లో అక్కడికే పంపేయొచ్చుగా?

లెక్కలబల్ల:
పది టైర్ల టిప్పర్‌లో 16 టన్నులు వేశారనుకోండి. పోయిరావడం 800 కిలోమీటర్లు. లీటరుకు నాలుగు కిలోమీటర్లు ఇస్తే 200 లీటర్ల డీజిల్, అంటే టన్నుకు పన్నెండున్నర లీటర్లు. అదే టన్నును ఊళ్లోనే క్రషర్‌లో కొడితే లీటరు అటూ ఇటూ. ఇటుకముక్కను అంత దూరం మోస్తే ఆ ముక్క విలువ కన్నా అది తాగిన డీజిల్ ఎక్కువ.

ఊరికేఅడిగా:
కానీ సిమెంటు తెచ్చిన లారీలు వెనక్కి ఖాళీగానే పోతాయి కదండీ, ఎలాగూ పోయేదానికి డీజిల్ లెక్కేంటి?

కంకరకుప్ప:
మంచి పాయింటే పట్టారు. కానీ సిమెంటు లారీకి తొట్టి పైకి లేవదు, 16 టన్నుల రాళ్లు చేత్తో దించాలి, బాడీ అంతా సొట్టలు పడుతుంది, మళ్లీ సిమెంటు బస్తాలు వేసుకోవాలంటే కడగాలి. ఏ డ్రైవరూ ఒప్పుకోడు. పైగా అక్కడివాళ్ల శిథిలాలకే అక్కడ దిక్కు లేదు, మీవి ఎవరు తీసుకుంటారు? ఆ ఖాళీ లారీలు ఇనుముకీ, రాగివైరుకీ, అల్యూమినియం కిటికీ ఫ్రేములకీ, ప్లాస్టిక్ పైపులకీ వాడుకోండి. అవి తేలికగా ఉండి డబ్బులెక్కువ పలికేవి, వాటికి ఎలాగూ కొనేవాళ్లు ఉంటారు. బరువైనదంతా ఊళ్లోనే ఉండాలి. దూరపుకొండ గారూ, మీకు కంకర ఎక్కణ్ణుంచి వస్తోంది? అసలు ప్రశ్న అదీ.

దూరపుకొండ:
ఊరి చుట్టూ నల్లమట్టే. క్వారీ 60 కిలోమీటర్లు.

కంకరకుప్ప:
హమ్మయ్య, అయితే మీ పని సులువు. క్వారీ ఐదు కిలోమీటర్లలో ఉన్న ఊళ్లో పాత కాంక్రీటు కంకర ఎవడికి కావాలి, కొత్తదే చవగ్గా వస్తుంది. మీకు మాత్రం ఊళ్లో తయారయ్యే ప్రతి టన్నూ 60 కిలోమీటర్ల రవాణా మిగిల్చినట్టే. దూరం ఉందని మీరు ఏడుస్తున్నారు గానీ ఈ ఒక్క విషయంలో దూరమే మీకు చుట్టం.

ఇప్పుడు మిషన్ సంగతి. ఊరి అంచున కంచె వేసిన స్థలం ఒకటి చూడండి. సరుకంతా అక్కడ రకానికో కుప్పగా చేర్చండి. ఐదారు వేల టన్నులు అయ్యాక చక్రాల మీద నడిచే క్రషర్‌ను అద్దెకు తెప్పించండి. రెండు మూడు వారాల్లో కొట్టేసి పోతారు. ఆర్నెల్లకోసారి పిలిస్తే చాలు. మిషన్ అంత దూరం తోలుకొచ్చే ఖర్చు ఒకసారికే, అది వేల టన్నుల మీద పంచుకుంటే పెద్దగా కనబడదు. కొని పెట్టుకుంటే దాని జా ప్లేట్లు (రాయిని నమిలే దవడ పలకలు) అరిగినప్పుడు స్పేర్ పార్టు కోసం నెల రోజులు ఎదురుచూస్తూ కూర్చోవాలి, మారుమూల ఊళ్లో ఇంకా ఘోరం.

పాతసామాను:
క్రషర్ దాకా ఎందుకు వెళ్లారండీ, ముందు ఇల్లు ఎలా పడగొడుతున్నారో చూడండి. నేను ఇళ్లు విప్పే పని చేస్తా (కూల్చడం వేరు, విప్పడం వేరు). జేసీబీ తెచ్చి గోడకి ఒక్క గుద్దు గుద్దితే రెండు రోజుల్లో స్థలం ఖాళీ, నిజమే. కానీ ఆ కుప్పలో ఏముంటుంది? కాంక్రీటు, ఇటుక, సున్నం, టైల్స్, బాత్రూం పింగాణీ, వైర్లు, కర్ర, థర్మోకోల్, ఫాల్స్ సీలింగ్, పరుపు కూడా. ఒకసారి కలిశాక దాన్ని విడదీయడం దేవుడి తరం కాదు.

మేం చేసే వరస ఇదీ: మొదట కరెంటు, నీళ్లు ఆపి వైర్లు లాగేస్తాం. తర్వాత తలుపులు, కిటికీలు, ద్వారబంధాలు, గ్రిల్స్. తర్వాత పైపులు, శానిటరీ. ఫాల్స్ సీలింగ్ ఉంటే అది. పైకప్పు రేకులో పెంకులో దించుతాం. అప్పుడు మిగిలేది గోడలూ స్లాబూ మాత్రమే. అప్పుడు తెచ్చుకోండి జేసీబీ, ఎవరొద్దన్నారు. నాలుగైదు రోజులు ఎక్కువ పడుతుంది. ఆ టేకు ద్వారబంధాలూ గ్రిల్సూ అమ్మితే మా కూలి దాదాపు అందులోనే వస్తుంది. మీ ఆఫీసు చేయాల్సింది ఒక్కటే, కూల్చడానికి పర్మిషన్ ఇచ్చే కాగితం మీదే ఈ వరస రాసి, విప్పాక ఒకసారి వచ్చి చూసి అప్పుడే జేసీబీకి ఓకే చెప్పండి.

తాపీమేస్త్రీ:
పాతసామాను గారు ఇటుకలు మర్చిపోయారు. పాత సున్నంతో కట్టిన గోడైతే ఇటుకలు నిక్షేపంలా వస్తాయి. తాపీ మడమతో పక్కన రెండు దెబ్బలు కొడితే సున్నం పొడై రాలిపోతుంది, గీకాల్సిన పని కూడా ఉండదు. రెండు ఇటుకలు తీసి ఒకదానికొకటి తగిలించి చూడండి, ఖంగుమంటే మళ్లీ గోడకి పనికొస్తుంది, దబ్బుమంటే పక్కన పడేయండి. సిమెంటుతో కట్టిన గోడ మాత్రం మొండిది. సిమెంటు ఊడదు, ఇటుకే విరుగుతుంది. యాభై ఏళ్ల కిందటి ఇళ్లు ఎక్కువ ఉంటే మాత్రం ఇటుకలు ఏరించండి, క్రషర్‌లో వేయకండి, పాపం.

విరిగినవీ వృథా కావు. ఇటుక పొడిని సుర్ఖీ అనేవారు మా తాతలు, సున్నంలో కలిపేవారు. సిమెంటు లేని రోజుల్లో చాలా కట్టడాలు దానితోనే.

లెక్కలబల్ల:
మేస్త్రీ గారు చెప్పింది ఉత్తమాట కాదు. 1895లో పూర్తయిన ముల్లపెరియార్ డ్యామ్ కట్టింది సున్నం సుర్ఖీతోనే. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక బెర్లిన్‌లో ఆడవాళ్లు వీధుల్లో వరసగా నిలబడి ఇటుకలు అందుకుంటూ, సుత్తులతో శుభ్రం చేసి పేర్చేవారు, ఊరంతా మళ్లీ కట్టుకోవాలి కదా. పనికిరాని శిథిలాలు ఎంత మిగిలాయంటే ఒకచోట పోస్తూ పోతే టాయ్‌ఫెల్స్‌బెర్గ్ అని చుట్టుపక్కల నేల కన్నా దాదాపు 80 మీటర్ల ఎత్తు గుట్టే లేచింది.

ఊరికేఅడిగా:
గుట్ట బాగానే ఉంది గానీ, పాత కాంక్రీటు కొట్టిన కంకరతో కట్టిన ఇంట్లో మీరుంటారా? నేనైతే ఉండను.

లెక్కలబల్ల:
ఇంటికి వాడమని ఎవరూ అనలేదండీ. ఐఎస్ 383 అనే మన ప్రమాణంలో 2016లో దీనికి హద్దులు పెట్టారు. కాంక్రీటును కొట్టిన కంకర అయితే, ఇనుము లేని మామూలు కాంక్రీటులో 25 శాతం దాకా, ఇనుము వేసే కాంక్రీటులో 20 శాతం దాకా, అదీ ఎం25 గ్రేడు (ఎం పక్క అంకె కాంక్రీటు బలం) మించకుండా. ఎం15 కన్నా తక్కువ ఉండే లీన్ కాంక్రీటులో మొత్తం అదే వాడొచ్చు. ఇటుకా అదీ కలిసిన మిశ్రమ కంకరను ఆ లీన్ కాంక్రీటుకు మించి పైకి రానివ్వరు.

ఎందుకంటే రాయికి పాత సిమెంటు మోర్టార్ అంటుకునే ఉంటుంది. అది స్పాంజి. కావాలంటే ఆఫీసులోనే చూడండి: ఎండలో బాగా ఆరిన పాత కంకర పది కిలోలు తూచి బకెట్‌లో నీళ్లు పోసి ఒక రోజు ఉంచండి. తీసి బట్టమీద దొర్లించి పైతడి తుడిచి మళ్లీ తూయండి. పది కిలోల ఆరు వందల గ్రాములు వచ్చిందంటే ఆరు శాతం నీళ్లు పీల్చినట్టు. క్వారీ రాయి మామూలుగా ఒకటి రెండు శాతం కూడా పీల్చదు. ఇది తెలీకుండా పొడి కంకర మిక్సర్‌లో వేస్తే కలిపిన నీళ్లన్నీ అదే తాగేస్తుంది, పది నిమిషాల్లో కాంక్రీటు ముద్ద కట్టేస్తుంది, అప్పుడు కూలీలు ఇంకో బకెట్ నీళ్లు పోస్తారు, బలం పోతుంది, తప్పంతా కంకరది అంటారు. ముందురోజే కుప్ప తడిపి ఉంచితే సగం గోల ఉండదు.

కంకరకుప్ప:
ఇళ్ల సంగతి వదిలేయండసలు. రోడ్డు కింద వేసే కంకర పొర (జీఎస్‌బీ), ఫుట్‌పాత్ కింద బేసు, పునాదుల్లో ఫిల్లింగ్, పేవర్ బ్లాకులు, కెర్బ్ రాళ్లు, కాలవ పక్క గోడలు, వీటికే మీ కంకర చాలదు. వారానికి 200 టన్నులంటే నిజానికి చిన్న సంఖ్య.

ఒక చేదు అనుభవం చెప్తా. కొన్నేళ్ల కిందట ఒక కాంట్రాక్టరుకు కంకర కొట్టిచ్చా. ఓ ఆఫీసు బిల్డింగ్ కూల్చిన సరుకు, తెల్లతెల్లగా ముక్కలు కనబడ్డాయి, సున్నమేలే అనుకున్నా. అది ఫాల్స్ సీలింగ్, పార్టిషన్ల జిప్సం. ఆ కంకర వేసి మీద ఫ్లోరింగ్ కాంక్రీటు పోశారు. ఒక వర్షాకాలం గడిచేసరికి ఫ్లోరింగ్ అక్కడక్కడా ఉబ్బి పగిలింది. జిప్సంలో సల్ఫేటు ఉంటుంది, అది తడి తగిలితే సిమెంటుతో కలిసి ఉబ్బుతుందని నాకప్పుడు తెలిసింది. మొత్తం పెళ్లగించి మళ్లీ వేయించాల్సి వచ్చింది, సగం ఖర్చు నాది. అప్పట్నుంచి కుప్పలో తెల్లముక్క కనబడితే గోటితో గీకి చూస్తా. గోటికి గీత పడితే జిప్సం, బయటికి. ఇంకోటి, ఇనుప ఊచలు. క్రషర్ నోట్లోకి పొడుగ్గా ఊచ పోతే అవతల బెల్టును కత్తిలా చీరేస్తుంది. బెల్టు పైన మాగ్నెట్ ఉన్నా పొడుగుది పట్టదు. స్లాబును బ్రేకర్‌తో చిన్న ముక్కలు చేసి ఊచలు కట్ చేసి తీశాకే పంపాలి.

నీటిబొట్టు:
జిప్సం అన్నారు కాబట్టి ఇంకో మాట. దాన్ని మామూలు చెత్తతో కలిపి గుంతలో పూడిస్తే, గాలాడని తడిలో బాక్టీరియా ఆ సల్ఫేటును హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారుస్తుంది. కుళ్లిన కోడిగుడ్డు వాసన వచ్చేది అదే, మోతాదు ఎక్కువైతే ప్రాణాంతకం. వేరుగా, పొడిగా, కప్పుకింద పెట్టండి.

చెరువు గట్టు అన్నారు కదా, అది వెంటనే ఆపించండి. కాంక్రీటు పొడి తగిలిన నీళ్లు సున్నపు నీళ్లంత ఘాటుగా తయారవుతాయి, పీహెచ్ 11 దాటొచ్చు (మామూలు నీళ్లకు 7 చుట్టూ ఉంటుంది). చేపలు బతకవు. కొట్టిన కంకర కుప్ప కూడా బావికీ కాలవకీ దూరంగా ఉండాలి. రోడ్డు పక్క డ్రైనేజీ పైపు చుట్టూ ఈ కంకర వేస్తే కొన్నాళ్లకు పైపు రంధ్రాల్లో సున్నం గడ్డకట్టి మూసుకుపోతుంది, అక్కడ క్వారీ రాయే వాడండి.

అన్నిటికన్నా ముఖ్యం సిమెంటు రేకులు. పాత రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. క్రషర్‌లోకి ఒక్క ముక్క పోయినా కుప్పంతా పాడైనట్టే, ఆ నూలు లాంటి పోగులు కంటికి కనబడవు, ఊపిరితిత్తుల్లో చేరితే ఇరవై ముప్పై ఏళ్లకు జబ్బు బయటపడుతుంది. రేకును పగలగొట్టకుండా బోల్టులు విప్పి, తడిపి, నిండు రేకుగా దించి, మందపాటి ప్లాస్టిక్‌లో చుట్టి వేరుగా ఉంచాలి. పాతసామాను గారి వరసలో ఇది అన్నిటికన్నా ముందు రావాలి.

పాతసామాను:
నిజమే, మావాళ్లు రేకులు పైనుంచి కిందికి విసిరేవాళ్లు మొన్నమొన్నటిదాకా. మాస్కు పెట్టుకోమంటే ఊపిరాడదంటారు. ఇప్పుడు రేకు విరిగితే ఆ రోజు కూలి కట్ అని చెప్పా. విరగడం తగ్గింది.

నీటిబొట్టు:
కూలి కట్ చేయడం నాకు నచ్చలేదు గానీ, విరగకపోవడం నచ్చింది. మాస్కు కూడా గుడ్డది కాదు, రేకులు దించేవాళ్లకు ఎన్95 కూడా చాలదు, పీ100 ఫిల్టరున్న రెస్పిరేటర్ ఉండాలి. క్రషర్ దగ్గర నీళ్లు చిమ్మకుండా పని మొదలెట్టనివ్వకండి, అక్కడ ఎగిరేది ఊపిరితిత్తులను పాడుచేసే సిలికా ధూళి.

దూరపుకొండ:
ఇంతమంది ఇంత వివరంగా రాస్తారనుకోలేదు, థాంక్స్. ప్రింటు తీసి పైవాళ్లకు చూపించా. మిషన్ కొనుగోలు ప్రస్తుతానికి పక్కన పెట్టారు. కొత్త టెన్షన్ ఏంటంటే, ఇప్పుడు టార్గెట్ పెట్టమంటున్నారు. 90 శాతం రీసైక్లింగ్ అని బోర్డు రాయిద్దామట.

లెక్కలబల్ల:
రాయించుకోండి, కష్టం కాదు. యూరోపియన్ యూనియన్ 2008లో చట్టం చేసి 2020 కల్లా 70 శాతం అని పెట్టుకుంది, కానీ అది బరువు లెక్క, పైగా గుంతలు పూడ్చినా అందులో కలుస్తుంది. ఇంట్లో బరువంతా కాంక్రీటు, ఇటుకే కాబట్టి వాటిని గుంతలో పోసినా శాతం పెరుగుతుంది. రేకులు, జిప్సం, రంగు డబ్బాలు, థర్మోకోల్ బరువులో ఎంతుంటాయి? బోర్డు మీద 90 రాసుకుని మిగతా పది చెరువులో వేస్తే ఏం లాభం. టార్గెట్ పెట్టేట్టయితే మీ ఆఫీసు టెండర్ల మీద పెట్టండి. మీరు వేసే రోడ్లలో, ఫుట్‌పాత్‌లలో కింది పొరకు ఇంత శాతం ఈ కంకరే వాడాలి అని.

కంకరకుప్ప:
+1. మిషన్ ఎవడైనా తెస్తాడు, కొనేవాడు లేకనే ఆగిపోతుంది. నేను చూసిన చోట కొట్టిన కంకర కుప్పలుగా పడుంది, మీద గడ్డి మొలిచింది, ఎందుకంటే సైట్ ఇంజనీరు టెండర్‌లో ఆ మాట లేదని తీసుకోలేదు. మీరు ఇంజనీరింగ్ సెక్షన్ అన్నారుగా, ఆ కాగితం మీ చేతిలోనిదే.

ఊరికేఅడిగా:
నేను ఇల్లు కూల్చేటప్పుడు ఆ రాళ్లు తెచ్చి పోసినందుకు మీరు నా దగ్గర డబ్బులు తీసుకుంటారా? తీసుకుంటే నేను కూడా రాత్రికి రాత్రి చెరువు దగ్గరకే పోతా, నిజం చెప్తున్నా.

పాతసామాను:
😂 వీరు ఒక్కరే నిజం మాట్లాడారు.

కంకరకుప్ప:
విడదీసి తెస్తే ఉచితం, కలిపి తెస్తే డబ్బులు అని పెట్టండి. తెచ్చినవాడికి గేటు దగ్గర రసీదు ఇవ్వండి, ఆ రసీదు చూపిస్తేనే కొత్త ఇంటి ప్లాన్ పర్మిషన్. ఇంక ఎవడు చెరువుకు పోతాడు?

దూరపుకొండ:
మూడు వారాల తర్వాత వస్తున్నా, సారీ. జరిగింది చెప్తా. బైపాస్ పక్కన స్థలం ఇచ్చారు. మొదటి ఇల్లు పాతసామాను గారి వరసలోనే విప్పించాం. ఆరు రోజులు పట్టింది, ఇంటి ఓనరు రోజూ విసుక్కున్నాడు గానీ ద్వారబంధాలు అమ్ముడయ్యాక నెమ్మదించాడు. రేకులు పద్దెనిమిది, ఒక్కటే విరిగింది. వెనక గోడ సున్నంది, మేస్త్రీ గారు చెప్పినట్టు తాపీతో కొట్టి చూశా, నిజంగానే రాలిపోయింది. రెండు వేల పైచిలుకు ఇటుకలు పేర్చి పెట్టాం. బకెట్ పరీక్ష కూడా చేశా, స్లాబు ముక్కలు చేత్తో కొట్టించి. ఐదున్నర శాతం వచ్చింది. రసీదు పుస్తకం అచ్చుకిచ్చా. టెండర్‌లో వాక్యం ఇంకా ఫైల్లోనే ఉంది, సంతకం కోసం తిరుగుతున్నా.

కాంక్రీటు కుప్ప, ఇటుక కుప్ప, జిప్సం వేరు, అంతా బోర్డులతో ముచ్చటగా ఉంది అనుకుంటే నిన్న పొద్దున పోయి చూశా, కాంక్రీటు కుప్ప మీద ఎవరో పాత సోఫా, రెండు పరుపులు, ఒక కమోడు వేసి పోయారు. కంచె ఇంకా ఒక పక్కన వేయలేదు. రాత్రి కాపలాకు మనిషిని ఇవ్వనంటున్నారు. దీనికి ఎవరి దగ్గరైనా ఉపాయం ఉందా?

పాతసామాను:
కమోడు పగలకుండా ఉంటే ఫొటో పెట్టండి.